నర్సింగ్‌లో పీహెచ్‌డీ చేయనా, విదేశం వెళ్లనా?

ప్రశ్న: మేడమ్, నాకు 34 ఏళ్లు. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక రెండేళ్లు స్టాఫ్ నర్సుగా చేసి, మెడికల్ సర్జికల్ స్పెషాలిటీతో 2018లో ఎమ్మెస్సీ పూర్తి చేశాను. ఇప్పుడు ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. పీహెచ్‌డీ చేయాలని ఎప్పటినుంచో ఆశ. మావారు సరేనంటున్నారు. అత్తగారు మాత్రం 'పాపకి ఆరేళ్లొచ్చాయి, ఇంకెన్నాళ్లమ్మా ఈ చదువులు' అంటున్నారు. నా క్లాస్‌మేట్లలో చాలామంది ఓఈటీ (వైద్యరంగంలో పనిచేసేవాళ్ల ఇంగ్లిష్ పరీక్ష) రాసి ఇంగ్లండ్, ఐర్లండ్ వెళ్లిపోయారు. నేనూ అదే చేయాలా? ఈలోగా ఒక కన్సల్టెన్సీ నుంచి ఒకటే ఫోన్లు. ఐదు లక్షలు కడితే గైడు, థీసిస్, పేపర్లు అన్నీ వాళ్లే చూసుకుంటారట. ఏడాదికి రెండుసార్లు వెళ్లొస్తే చాలట. ఇంకో సంగతి. మా కాలేజీ పిల్లల్ని క్లినికల్ పోస్టింగుకి తీసుకెళ్లే వార్డులో రాత్రిపూట ముప్ఫై మందికి ఒకే సిస్టర్. పొద్దున మేం వెళ్లేసరికి క్యాన్యులా (సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) పెట్టిన చేతులు కొన్ని వాచి ఉంటాయి. షీటులో మాత్రం 'సైట్ బాగుంది' అని రాసి ఉంటుంది. ఇవన్నీ చూస్తుంటే ఇంత చదివి ఏం లాభం అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
– పేరు వద్దన్న పాఠకురాలు, ప్రకాశం జిల్లా

సమాధానం: అమ్మా, వయసు గురించి, డబ్బు గురించి, అత్తగారి మాట గురించి అడిగారు. అన్నిటికీ జవాబు చెబుతాను. కానీ మీ ఉత్తరంలో నన్ను పట్టేసింది 'ఇంకో సంగతి' అంటూ చివర్లో రాసిన నాలుగు ముక్కలు. పీహెచ్‌డీకి టాపిక్ దొరక్క ఏడాది పొడుగునా లైబ్రరీల చుట్టూ తిరిగినవాళ్లను చూశాను. మీరేమో టాపిక్ చేతిలో పెట్టుకుని, దాన్ని బాధగా చెప్పుకున్నారు. అందుకే ముందు ఆ వాచిన చేతి దగ్గర కాసేపు కూర్చుందాం.

పొద్దున వార్డులోకి వెళ్లి ఒక పేషెంటు చేయి పట్టుకున్నారనుకోండి. క్యాన్యులా గులాబీ రంగా, నీలమా? అంటే సైజు 20 గేజా, 22 గేజా? మణికట్టు మడత మీద పెట్టారా, ముంజేతి మీదా? ప్లాస్టర్ మీద పెట్టిన తేదీ, టైము ఉన్నాయా? రాత్రంతా అందులోంచి ఏం వెళ్లింది? ఉత్త సెలైనా, పొటాషియం క్లోరైడ్ కలిపినదా, యాంటీబయాటిక్కా? ఎర్రదనం ఎంత దూరం పాకింది? నరం తాడులా చేతికి తగులుతోందా? వీఐపీ స్కోరు అని, క్యాన్యులా దగ్గర నరం వాపుని సున్నా నుంచి ఐదు దాకా లెక్కేసే కొలత మీరు పిల్లలకి చెప్పే ఉంటారు. అది వేసి చూడండి. తర్వాత షీటు తిప్పి రాత్రి ఏ టైముకి ఏం రాశారో చూడండి. మీ కంటికి కనిపించినదానికీ షీటులో ఉన్నదానికీ మధ్య ఎంత తేడా ఉంది, ఎందుకుంది? మీ పరిశోధన అక్కడే మొదలవుతుంది.

ఆ సిస్టర్‌ని తప్పుపట్టమని నేను అనడం లేదు. నైట్ డ్యూటీలు చేసినదాన్ని. ఒక్క ఎమర్జెన్సీ వస్తే మిగతా ఇరవైతొమ్మిది మంది చేతులు ఎవరు చూస్తారు? తెల్లారుజామున నాలుగింటికి అన్ని షీట్లూ ముందేసుకుని రాస్తుంటే చేయి తనంతట తనే 'బాగుంది' అని రాసేస్తుంది. అమెరికాలో లిండా ఐకెన్ అనే నర్సు, ఆమె బృందం పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల లెక్కలు తీసి 2002లో ఒక పేపరు ప్రచురించారు. నర్సు మీద ఒక్క పేషెంటు అదనంగా పడితే, ఆపరేషన్ అయినవాళ్లు నెల లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని అందులో తేలింది. సిబ్బంది చాలడం లేదని నర్సులు ఎప్పటినుంచో మొత్తుకుంటున్న మాటే అది. ఆ మాటను అంకెల్లో పెట్టి చూపించింది కూడా నర్సులే. 'ఇంత చదివి ఏం లాభం' అన్న మీ ప్రశ్నకి నాకు తెలిసిన గట్టి జవాబు ఇదే.

క్యాన్యులా సంగతికే వద్దాం. మూడు నాలుగు రోజులకోసారి దాన్ని తప్పనిసరిగా మార్చాలని మాకు నేర్పారు. మేమూ మీ తరానికి అదే నేర్పాం. ఆస్ట్రేలియాలో క్లేర్ రికార్డ్ అనే నర్సు పరిశోధకురాలు, ఆమె బృందం క్వీన్స్‌లాండ్‌లోని మూడు ఆసుపత్రుల్లో 3,283 మంది మీద ట్రయల్ చేసి 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. సగం మందికి మూడు రోజులకోసారి మార్చారు, సగం మందికి అవసరమనిపించినప్పుడే మార్చారు. నరం వాపు రెండు వైపులా 7 శాతమే. మనుషుల్ని ఊరికే మళ్లీ మళ్లీ పొడవనక్కర్లేదని దాంతో తేలింది. చాలా మంచి మాట. కానీ 'అవసరమైనప్పుడు మార్చాలి' అంటే ప్రతి షిఫ్టులోనూ ఎవరో ఒకరు ఆ చేయి చూడాలి కదా. ముప్ఫై మందికి ఒక సిస్టర్ ఉన్న వార్డులో చూసేదెవరు? క్వీన్స్‌లాండ్‌లో దొరికిన జవాబు మీ ఒంగోలు వార్డులో నిలబడుతుందా? ఇది ఎవరో తేల్చాలి. ఆ 'ఎవరో' మీరు ఎందుకు కాకూడదు?

ఇంకో అడుగు వేయొచ్చు. మన ఆసుపత్రుల్లో ప్రతి మంచం పక్కనా పేషెంటు తాలూకు మనిషి ఒకరుంటారు. నొప్పి, ఎరుపు, వాపు, ఈ మూడింటిలో ఏది కనిపించినా వెంటనే సిస్టర్‌ని పిలవమని వాళ్లకి చెబితే వాపులు తగ్గుతాయా? పరీక్షించి చూడదగ్గ ప్రశ్నే. అయితే జాగ్రత్త. నర్సు చేయాల్సిన పనిని ఇంటివాళ్ల నెత్తిన పెట్టి, పోస్టులు నింపనక్కర్లేదని చెప్పుకోవడానికి మీ థీసిస్ ఎవరికీ సాకు కాకూడదు. ఆ మాట థీసిస్‌లో తెలుగులో చెప్పినంత సూటిగా రాయండి.

మన దగ్గర ఎమ్మెస్సీ డిసర్టేషన్ అంటే ఒక అచ్చు పోసిన మూస. 'ఫలానా విషయం మీద ఫలానా వారి పరిజ్ఞానంపై స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ప్రభావం'. అరవై మంది శాంపిల్, ప్రీటెస్ట్, ఫ్లాష్ కార్డులు, వారం తర్వాత పోస్ట్‌టెస్ట్, మార్కులు పెరిగాయి, అయిపోయింది. పాఠం చెప్పి వారంలో పరీక్ష పెడితే మార్కులు పెరగక ఏమవుతాయి? రెండేళ్ల కోర్సులో పద్ధతి నేర్చుకోవడానికి అది సరిపోతుంది. మీదీ అలాంటిదే అయి ఉంటే నొచ్చుకోవద్దు, నాదీ అదే. పీహెచ్‌డీకి మాత్రం మళ్లీ అదే మూసలో పోయకండి. మీరు కొలవాల్సింది వాచిన చేతుల్ని.

కొలవడం అన్నాను కాబట్టి ఒకటి చెప్పాలి. నా పీహెచ్‌డీ ఆపరేషన్ తర్వాత నొప్పి మీద. సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పమని అడిగే స్కేలు పట్టుకుని వార్డులోకి వెళ్లాను. కందుకూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నన్ను చూసి, 'రూపాయికి పన్నెండణాలు తగ్గిందమ్మా, పావలా మిగిలింది' అన్నాడు. నా ఫారంలో ఆ జవాబుకి గడి లేదు. ఆయన లెక్క మాత్రం నా స్కేలంత కచ్చితంగా ఉంది. ఇంకో ఆవిడ 'నొప్పి లేదు, సలుపుతోంది' అంది. మంట, సలుపు, పోటు, తీపు, ఈ నాలుగూ మనకి వేరు వేరు. ఇంగ్లిష్ ఫారంలో అన్నీ కలిపి ఒకటే మాట. ఆ ఫారాన్ని తెలుగు చేయించి, అసలు ఇంగ్లిష్ ఫారం చూడనివాళ్ల చేత ఆ తెలుగుని మళ్లీ ఇంగ్లిష్ చేయించి, రెండూ పోల్చి చూసుకోవడానికి నాకు ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలల్లో నేర్చుకున్నంత నేను మిగతా కోర్సంతటిలో నేర్చుకోలేదు. మీ టూలు, అంటే మీరు కొలిచే ఫారం విషయంలో తొందరపడకండి.

ఇక కన్సల్టెన్సీ. ఆ నంబరు బ్లాక్ చేయండి. 'అన్నీ మేమే చూసుకుంటాం' అంటే వైవాలో, అంటే చివరి మౌఖిక పరీక్షలో కూర్చునేది కూడా వాళ్లేనా? యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాటితే సరిదిద్దుకుని మళ్లీ ఇవ్వాలి, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు. పీహెచ్‌డీ నియమాలు పాటించలేదని రాజస్థాన్‌లో మూడు ప్రైవేటు యూనివర్సిటీలను కొత్త పీహెచ్‌డీ అడ్మిషన్లు ఐదేళ్లపాటు చేర్చుకోకుండా 2025 జనవరిలో యూజీసీ ఆపేసింది. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో పీహెచ్‌డీ చెల్లదు. డబ్బు, పరువు పోవడం ఒక ఎత్తు. రేపు మీ పిల్లలకి రీసెర్చ్ పేపరు పాఠం చెప్పేటప్పుడు మీ గొంతు ఎలా పలుకుతుందో ఆలోచించండి.

విదేశం సంగతి. ఇందులో తప్పొప్పులు లేవు. ఇంటి మీద అప్పు ఉండి, ఈ ఏడాదే డబ్బు కావాలంటే ఓఈటీ రాయండి, వెళ్లండి. పీహెచ్‌డీ వచ్చినంత మాత్రాన ప్రైవేటు కాలేజీల్లో జీతం గబుక్కున పెరగదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల్లో ప్రిన్సిపాల్ పోస్టుకి కూడా ఎమ్మెస్సీ, ఏళ్ల అనుభవం ముఖ్యం. పీహెచ్‌డీ 'ఉంటే మంచిది' అనే వరుసలో ఉంటుంది. ఇది ముందే తెలిసి దిగితే తర్వాత బాధ ఉండదు. కానీ మీ ఉత్తరంలో అప్పుల మాట ఎక్కడా లేదు. ఇంగ్లండ్ ప్రస్తావన ఒక్క వాక్యంలో వచ్చి పోయింది, అదీ క్లాస్‌మేట్ల గురించి. వాచిన చేతుల గురించి మాత్రం నాలుగు వాక్యాలు రాశారు. మీ మనసు ఎటుందో నాకు అర్థమైంది.

పీహెచ్‌డీ అనుకుంటే, యూజీసీ 2022 నిబంధనలు మీలాంటి వాళ్లకి కొంత మేలు చేశాయి. ఎమ్మెస్సీలో 55 శాతం ఉండాలి, రిజర్వుడు వర్గాలకి 5 శాతం సడలింపు. కోర్సు కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఆడవాళ్లకి ఆపైన మరో రెండేళ్ల వెసులుబాటు ఉంది. ప్రసవానికి, పిల్లల సంరక్షణకి 240 రోజుల దాకా సెలవు అడగొచ్చు. పార్ట్‌టైమ్‌కీ అనుమతి ఉంది. అంటే 34 ఏళ్లకి మీరు ఆలస్యమైనట్టేమీ కాదు. నేను చేరేటప్పటికి నాకు 38. ఎంట్రన్స్ పెట్టే చోట పేపరులో సగం రీసెర్చ్ మెథడాలజీ, సగం సబ్జెక్టు. మీరు పాఠం చెప్పేవాళ్లు కనుక సబ్జెక్టుకి భయం లేదు. స్టాటిస్టిక్స్ మాత్రం ఇప్పటినుంచే దుమ్ము దులపండి.

పార్ట్‌టైమ్ అయితే కాలేజీ నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం కావాలి. కోర్సువర్క్ రోజుల్లో అవసరమైతే రిలీవ్ చేస్తామని కూడా అందులో ఉండాలి. 'సరే మేడమ్, చూద్దాం లెండి' అన్న నోటిమాట మీద చేరకండి, కాగితం మీద తీసుకోండి. మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉంటే ఇప్పుడే అడిగి తెచ్చుకోండి. చాలామందికి అడ్మిషన్ వెరిఫికేషన్ రోజున అసలు టెన్షన్ అక్కడే వస్తుంది. రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా చూసుకోండి.

ఎక్కడ చేయాలి? మీకు దగ్గర విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం. తెలంగాణ వాళ్లకి వరంగల్ కాళోజీ విశ్వవిద్యాలయం. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, బెంగళూరు రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కలిసి నడిపే నేషనల్ కన్సార్షియం గురించి కూడా వాకబు చేయండి, అది నర్సులకోసమే పెట్టినది. ఇల్లు కదలగలిగితే ఢిల్లీ ఎయిమ్స్, రాజకుమారి అమృత్ కౌర్ కాలేజీ, చండీగఢ్ పీజీఐ ఉన్నాయి. నోటిఫికేషన్లు ఏటా ఒకేలా ఉండవు కనుక వాళ్ల వెబ్‌సైట్లలోనే చూడండి, వాట్సాప్‌లో వచ్చేవి నమ్మకండి.

యూనివర్సిటీ కంటే గైడు ముఖ్యం. ఇది నేను దెబ్బ తిని చెబుతున్న మాట. నా మొదటి గైడు చాలా మంచి మనిషి, ఎప్పుడు వెళ్లినా కాఫీ ఇచ్చి మాట్లాడేవారు. రెండో ఏడాది మధ్యలో రిటైర్ అయ్యారు. గైడు మార్పు ఫైలు ఒక టేబుల్ మీంచి ఇంకో టేబుల్ మీదికి వెళ్లడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ నేను సేకరించిన ఫారాలు ఇంట్లో అట్టపెట్టెలో, మంచం కింద ఉన్నాయి. ఒక వానాకాలం వాటికి చెదలు పడితే, పాడైన ఇరవైమూడు ఫారాలు పక్కన పెట్టి ఏడ్చాను. ఇప్పుడు రిటైర్మెంటుకి మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదని నిబంధన వచ్చింది. అయినా మీరు మొహమాటపడకుండా అడగండి: ఎప్పుడు రిటైరవుతున్నారు, ఇప్పుడు ఎంతమంది స్కాలర్లు ఉన్నారు? ప్రొఫెసరుకి ఎనిమిది మంది, అసోసియేట్‌కి ఆరుగురు, అసిస్టెంట్‌కి నలుగురు, అంతకు మించి ఉండకూడదు. ఆ గైడు దగ్గర చివరగా డిగ్రీ తీసుకున్నవాళ్లకి ఫోన్ చేసి, 'డ్రాఫ్ట్ ఇస్తే ఎన్నాళ్లకి తిరిగొచ్చేది?' అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబుతో మీకు సగం తెలిసిపోతుంది. వాళ్ల థీసిస్‌లు మన యూనివర్సిటీల థీసిస్‌లు దాచే శోధ్‌గంగ సైట్‌లో దొరికితే ఉచితంగా చదువుకోవచ్చు. మీరు వెళ్లి కూర్చునే ముందు రెండైనా చదివి వెళ్లండి.

ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్క ఫారం కూడా నింపకండి. పేషెంట్లకి ఏదైనా కొత్తగా చేసి ఫలితం చూసే పరిశోధన అయితే, మొదటి పేషెంటుని చేర్చుకోకముందే సీటీఆర్ఐలో, అంటే మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయించాలి. 2018 ఏప్రిల్ నుంచి వాళ్లు ముందస్తు నమోదులే తీసుకుంటున్నారు. నాకు తెలిసిన ఒక అమ్మాయి నలభై మందిని చేర్చుకున్నాక ఈ సంగతి తెలుసుకుంది. ఆ నలభై మందినీ వదిలేసి మళ్లీ మొదలుపెట్టింది. ఇంకొకటి, శాంపిల్ ఎంత ఉండాలో స్టాటిస్టీషియన్‌ని డేటా తీయక ముందే కలిసి తేల్చుకోండి, తీశాక కాదు.

ఇల్లు. మీ అత్తగారి మాటలో నాకు చదువు మీద కోపం కనిపించలేదు, పాప గురించి బెంగ కనిపించింది. ఆవిడతో 'ఇంకో ఆరేళ్లు' అనకండి. వారంలో ఏ రెండు సాయంత్రాలు మీరు ఇంట్లో ఉండరో, ఆ రెండు రోజులు పాప అన్నం, హోంవర్క్ ఎవరు చూస్తారో మీవారితో ముందే మాట్లాడుకుని అప్పుడు చెప్పండి. మీవారు 'సరే' అన్నారు, సంతోషం. ఆ 'సరే'ని మంగళవారం, శుక్రవారం అని రోజుల్లోకి మార్చుకోండి. మా అబ్బాయి పదో తరగతిలో ఉండగా నేను నాలుగో అధ్యాయం రాశాను. ఇద్దరం ఒకే డైనింగ్ టేబుల్ మీద చదువుకునేవాళ్లం. వాడు ఇప్పటికీ ఆ రోజులు తలుచుకుంటాడు.

ఇప్పటికిప్పుడు దరఖాస్తు పెట్టమని నేను చెప్పను. ఒక నెల ఆగండి. చిన్న నోట్‌బుక్ ఒకటి కొనుక్కోండి. ఇన్‌చార్జి సిస్టర్‌కి ముందే చెప్పి, ఆవిడ సరేనన్నాకే మొదలుపెట్టండి. పిల్లల్ని తీసుకెళ్లిన ప్రతి రోజూ ఎన్ని క్యాన్యులాలు చూశారు, ఎన్నిటి మీద తేదీ ఉంది, ఎన్ని చేతులు వాచాయి, ఈ మూడు అంకెలే రాయండి. పేషెంటు పేర్లు, బెడ్ నంబర్లు వద్దు, సిస్టర్ల పేర్లు అసలే వద్దు. ఇది మీ ప్రశ్న మీకు స్పష్టపడటానికే, ఎక్కడా ప్రచురించడానికి కాదు. అసలు డేటా ఎథిక్స్ అనుమతి వచ్చాకే తీయాలి. నెల తర్వాత ఆ పుస్తకం చేత్తో పట్టుకుని ఇద్దరు గైడ్ల దగ్గరికి వెళ్లండి. ఎవరు ముందుగా పుస్తకం తెరిచి 'ఆ రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉన్నారు?' అని అడుగుతారో వాళ్ల దగ్గర చేరండి.